పాత పికప్‌ని డ్రిఫ్ట్ బండిగా మార్చడం: ముందు ఆగాలి, ఆ తర్వాతే ఉరకాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఏళ్ల తరబడి మిర్చి బస్తాలు మోసిన పికప్ నాది. కొన్న రోజు సీట్లు విప్పితే కింద ఎర్రటి పొడి, గుప్పెడు గింజలు. బ్లోయర్ వేయగానే లోపలున్న ముగ్గురమూ తుమ్ముతూ బయటికొచ్చాం. దాన్ని డ్రిఫ్ట్‌కి తయారు చేయాలని ఆటోనగర్‌లో మా ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, వెనక టైరు మీద కాలు పెట్టి ఊపి, ఒకటే మాటన్నాడు: "తమ్మీ, ముందు ఇది ఆగాలె. అటెన్క ఉరుకుడు సంగతి జూద్దాం."

ఈ మార్గదర్శి అంతా ఆ మాట చెప్పిన వరుసలోనే నడుస్తుంది. ఇంజన్ పవర్ కోసం వచ్చినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి, అది చివర్లో వస్తుంది.

డ్రిఫ్ట్ అంటే వెనక చక్రాలు పట్టు వదిలి పక్కకు జారుతుంటే, తోక ఎటు జారుతోందో స్టీరింగ్ అటే తిప్పి, యాక్సిలరేటర్‌తో ఆ జారుడును మన చేతిలో ఉంచుకోవడం. ఇంజన్ ముందు, ఇంజన్ బలం అందే చక్రాలు వెనక, ఖాళీగా ఉంటే తేలిపోయే తోక. ఈ మూడూ పికప్‌లో పుట్టుకతోనే ఉన్నాయి. మిగతాదంతా మాత్రం టన్ను బరువు వేసుకుని నిదానంగా వెళ్లడానికి చేసింది. కమాన్ కట్టలు (ఇనుప పట్టీలు పేర్చి చేసిన స్ప్రింగులు), బ్రేకులు, స్టీరింగ్, టైర్లు అన్నీ బరువు కోసమే. కాబట్టి ఒక్కో భాగాన్నీ ఖాళీ బండికి, వేగానికి తగ్గట్టు మళ్లీ సెట్ చేయడమే మన పని.

రోడ్డు సంగతి ముందే తేల్చుకోండి

ఇలా మార్చిన బండి రోడ్డు మీదకు రాకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, ఇలాంటి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. రోడ్డు మీద పందేలు పెట్టుకుంటే 189వ సెక్షన్ కింద మొదటిసారికే 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా.

అందుకని బండి పాత లోన్ క్లియర్ చేసి, పెండింగ్ టాక్స్, చలాన్లు కట్టేసి, ఇక రోడ్డెక్కదని ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. ఆ తర్వాత బండి ఎక్కడికి వెళ్లినా రికవరీ వ్యాన్ మీదే వెళ్లాలి. రాత్రిపూట 163వ నంబర్ హైవే ఖాళీగా ఉంటుంది కదా, ములుగు రోడ్డులో ఒక రౌండు వేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయండి. ఆ రోడ్డు మీద అదే వేళకు పత్తి ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా వస్తుంటాయి.

ఏ బండి

పాత బొలెరో పికప్, టాటా 207 మన దగ్గర ఎక్కువగా దొరుకుతాయి. స్పేర్ పార్టులు పరకాల, నర్సంపేటలో కూడా దొరుకుతాయి, చెయ్యి తిరిగిన మెకానిక్ ప్రతి మండలంలో ఉన్నాడు. బొలెరో పికప్‌లో 2,523 సీసీ డీజిల్ ఇంజన్, మోడల్‌ను బట్టి 60 నుంచి 75 హార్స్‌పవర్ మధ్య. నేర్చుకోవడానికి అది చాలు. బడ్జెట్ ఉంటే టాటా జెనాన్ 2.2 వెతకండి, 140 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్ల టార్క్. స్కార్పియో గెటవే కూడా మంచిదే, 120 హార్స్‌పవర్. ఈ రెండిట్లో ఇంజన్ జోలికి పోవాల్సిన అవసరమే దాదాపు రాదు. టాటా ఏస్ లాంటి చిన్న బండ్లు ఈ పనికి వద్దు. ఎత్తుకు తగ్గ వెడల్పు లేదు, పడిపోతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ మోడల్ దొరికితే సంబరపడకండి. మనకు కావాల్సింది వెనక చక్రాలే. ముందు డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్లు) ఉత్త బరువు.

కొనేటప్పుడు చాసిస్ కింద పడుకుని చూడండి. మన దగ్గర పికప్‌లకు తుప్పు పట్టేది వర్షానికన్నా ఎరువుల వల్ల. యూరియా, డీఏపీ బస్తాలు చినిగి రాలిన పొడి చాసిస్ సందుల్లో చేరి, తేమ తగిలినప్పుడల్లా ఇనుమును తింటుంది. వెనక కమాన్ కట్టలు వేలాడే బ్రాకెట్ల చుట్టూ చిన్న సుత్తితో కొడుతూ పోండి. టంగ్‌మని మోగితే సరే. డొప్పలా డబ్‌మంటే ఆ బండి వదిలేయండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే.

ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ బుస్సు బుస్సున కొడుతుంటే రింగులు అరిగాయి. వీలైతే కంప్రెషన్ కొలిపించండి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటితే ముందు ఇంజన్ పని, ఆ తర్వాతే మిగతాది.

ఇంకొకటి, చాలామంది చూడనిది. వెనక చక్రం మధ్యలో హబ్ బయటికి పొడుచుకు వచ్చి, దాని మూతి మీద వలయంగా చిన్న బోల్టులుంటే అది ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్. అందులో యాక్సిల్ షాఫ్ట్ చక్రాన్ని తిప్పుతుందే కానీ బండి బరువు మోయదు. షాఫ్ట్ విరిగినా చక్రం అలాగే ఉంటుంది. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ విరిగితే చక్రమే ఊడి వెళ్లిపోవచ్చు. రెండు బండ్లు నచ్చితే ఫుల్ ఫ్లోటింగ్ ఉన్నదే తీసుకోండి.

ధర్మకాంటా మీద తూకం

ఏదీ విప్పకముందే బండిని మార్కెట్ దగ్గరి ధర్మకాంటాకు తీసుకెళ్లండి. డ్రైవర్ సీట్లో మనిషి, సగం ట్యాంకు డీజిల్. మొదట మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనక చక్రాలు మాత్రమే. మూడు చీటీలు తీసుకుని దాచండి. మొత్తం 1,600 కిలోలుండి, ముందు చక్రాల మీద 960 వస్తే, ముందు 60 శాతం బరువు. ఖాళీ పికప్‌లు చాలావరకు ఇలాగే ముక్కు బరువుగా ఉంటాయి. 55 శాతానికి దగ్గరగా తేగలిగితే బండి జారుడు మన చేతికి లొంగుతుంది.

అందరూ చేసే పొరపాటు, బరువు తగ్గించాలని వెనక తొట్టి మొత్తం ఊడదీయడం. అప్పుడు తోక ఇంకా తేలికై, చిన్న తడికే తిరిగిపోతుంది. తొట్టి ఉంచండి. పైన టార్పాలిన్ కోసం వేసిన ఇనుప ఫ్రేమ్, అదనంగా కట్టించిన జాలీలు, టూల్ బాక్సులు, బంపర్ మీద గార్డు, ముందు రూఫ్ మీద క్యారియర్ తీసేయండి. ఎత్తులో ఉన్న బరువు పోవడం అన్నిటికన్నా మేలు. తొట్టి కింద చివర వేలాడే స్టెపినీ కూడా తీసేయండి. అది తోకకు చివరన కట్టిన రాయిలా బండిని ఊపుతుంది.

బ్యాటరీని క్యాబిన్ వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు పెట్టండి. 20 కిలోల బ్యాటరీ ముందు నుంచి వెనక్కి వెళ్తే పైన చెప్పిన లెక్కలో ముందు వాటా 59 శాతం దాకా దిగుతుంది. బ్రాకెట్ చాసిస్‌కు బోల్టులతో బిగించాలి, వైరు బ్యాటరీ దగ్గరే ఫ్యూజుతో మొదలవ్వాలి. ఇసుక బస్తాలు వేసి బరువు సరిచేద్దామన్న ఆలోచన వద్దు. బండి పక్కకు జారుతున్నప్పుడు అవీ జారతాయి, పల్టీ కొడితే క్యాబిన్ అద్దంలోంచి లోపలికొస్తాయి.

బ్రేకులు

నా తప్పు ఇక్కడే జరిగింది. బండి కిందికి దిగితే చూడటానికి బాగుంటుందని, బ్రేకుల కంటే ముందు వెనక కమాన్ కట్టల్లో పట్టీలు తగ్గించాను. వర్ధన్నపేట దగ్గర మా స్నేహితుడి చెలకలో 40 కిలోమీటర్ల వేగంలో మామూలుగా బ్రేకు తొక్కితే, వెనక చక్రాలు రెండూ ఒక్కసారి బిగుసుకుని, తోక ముందుకు తిరిగింది. బండి గట్టుకు ఆనుకుని ఆగింది. ఆ గట్టు అవతల పాత వ్యవసాయ బావి ఉంది.

కారణం వెనక బ్రేకులకు ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వ్. చాలా పికప్‌లలో చాసిస్‌కు ఒక వాల్వ్, దాని నుంచి హౌసింగ్‌కు, అంటే వెనక యాక్సిల్, డిఫరెన్షియల్ ఇమిడి ఉండే ఇనుప తొడుగుకు, ఒక సన్నటి రాడ్డు ఉంటుంది. తొట్టిలో బరువు పడితే చాసిస్ కిందికి దిగుతుంది, రాడ్డు కదులుతుంది, వాల్వ్ తెరుచుకుని వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ పంపుతుంది. మనం పట్టీలు తీసి బండిని దించితే, ఆ వాల్వ్ బండిలో లోడు ఉందనుకుంటుంది. తేలికగా ఉన్న తోకకు పూర్తి బ్రేకు పడుతుంది.

కాబట్టి ఏ మార్పూ చేయకముందు, ఖాళీ బండిలో ఆ రాడ్డు ఏ కోణంలో ఉందో ఫొటో తీయండి. చాసిస్‌కు హౌసింగ్‌కు మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి. బండి దించాక రాడ్డు పొడవునో, బ్రాకెట్‌నో మార్చి పాత కోణానికి తేవాలి. తర్వాత మొరం నేల మీద 20 కిలోమీటర్ల వేగంలో గట్టిగా బ్రేకు తొక్కి, బయట నిలబడ్డ మనిషిని చూడమనండి. ముందు చక్రాలే మొదట బిగుసుకోవాలి. వెనకవి ముందు బిగుసుకుంటే మళ్లీ సర్దండి. ఇది సరయ్యేదాకా వేగం పెంచకండి.

మిగతా బ్రేకు పని మామూలే, కానీ మొత్తం చేయాలి. ఆయిల్ పూర్తిగా తీసి డాట్ 4 పోయండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, పెడల్ నేల దాకా పోతుంది. వీల్ సిలిండర్ల కిట్లు, రబ్బరు పైపులు కొత్తవి వేయండి. డ్రమ్ముల లోపల గరిష్ఠ కొలత అచ్చు వేసి ఉంటుంది. లేత్ మీద చెక్కించి చెక్కించి ఆ కొలత దాటిన డ్రమ్ము పగులుతుంది, కొత్తది కొనండి.

హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేకు అంటే వెనక బ్రేకు లైన్లో ఇంకో మాస్టర్ సిలిండర్ పెట్టి, దాన్ని నిలువు లివర్‌తో లాగడం. లోడ్ సెన్సింగ్ వాల్వ్ తర్వాత, వెనక చక్రాలకు ముందు దాన్ని కలపండి. కేబుల్ హ్యాండ్ బ్రేకును తీసేయకండి. బండిని నిలిపి ఉంచేది అదే.

స్టీరింగ్

పాత పికప్ స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పాలంటే చాలా చుట్లు పడుతుంది. డ్రిఫ్ట్‌లో తోక తిరిగిపోతుంటే అన్ని చుట్లు తిప్పే టైం ఉండదు. పవర్ స్టీరింగ్ లేని బండైతే, అదే మోడల్ పవర్ స్టీరింగ్ బాక్సు, పంపు వేయించండి. ఇది సౌకర్యం కోసం కాదు. లేకపోతే చేతులు స్టీరింగ్‌ను అందుకోలేవు.

బండిని జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, ముందు చక్రాన్ని అడ్డంగా రెండు వైపులా పట్టుకుని ఊపండి. లొడలొడ అంటే టైరాడ్ ఎండ్లు పోయాయి. పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడితే బాల్ జాయింట్లో, కింగ్ పిన్నో, వీల్ బేరింగో. అన్నీ మార్చాలి. స్టీరింగ్ మలుపు ఎక్కువ కావాలని స్టాపర్ బోల్టులు లోపలికి తిప్పేముందు, చక్రం పూర్తిగా తిరిగినప్పుడు టైరు చాసిస్‌కు గానీ బ్రేకు పైపుకు గానీ తగలకుండా చూసుకోండి. నకిల్ ఆర్మ్‌ను (స్టీరింగ్ రాడ్డు తగిలి ముందు చక్రాన్ని తిప్పే చెయ్యి) కోసి అతికించే పని వెల్డింగ్ షాపులో చేయించకండి. అది తెగితే స్టీరింగ్ పట్టుకుని కూర్చోవడమే, చేసేదేమీ ఉండదు.

వెనక హౌసింగ్, కమాన్ కట్టలు

రేగడిలో కూరుకున్న ట్రాలీ ఆటోను చూసినవాళ్లకు డిఫరెన్షియల్ సంగతి చెప్పక్కర్లేదు. ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటుంది, గట్టి నేల మీదున్నది కదలదు. మలుపులో కూడా అంతే. లోపలి చక్రం తేలికై తిరుగుతుంది, బయటిది ఊరుకుంటుంది, బండి జారదు. రెండు చక్రాలూ కలిసి తిరగాలి.

మంచి దారి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, అంటే ఒక చక్రమే గిర్రున తిరిగిపోకుండా అడ్డుకునేది. మన పికప్‌లకు అది దొరకడం కష్టం. కొన్ని బండ్లకు వచ్చే ఆటోమేటిక్ లాకింగ్ డిఫరెన్షియల్ బురద కోసం చేసింది, వేగం పెరిగితే పని చేయదు. అందుకే చాలామంది లోపలి చిన్న గేర్లను వెల్డింగ్ చేసి లాక్ చేస్తారు. గ్రౌండులో మాత్రమే తిరిగే బండికి ఇది ఒప్పుకోవచ్చు. కానీ చేస్తే సరిగ్గా చేయాలి. డిఫరెన్షియల్‌ను హౌసింగ్ నుంచి బయటికి తీసి, బేరింగులు ఊడదీసి, ఆయిల్ జిడ్డు మిగలకుండా కడగాలి. గేర్లు గట్టిపరిచిన ఉక్కు కాబట్టి చల్లగా ఉన్నప్పుడు వెల్డ్ చేస్తే పగుళ్లు వస్తాయి. ముందు బాగా వేడి చేసి, 7018 రాడ్లతో వేయించి, తర్వాత నెమ్మదిగా చల్లారనివ్వాలి. మా ఉస్తాద్ దాన్ని రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిదలో పాతిపెట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దున తీస్తే ఇంకా గోరువెచ్చగా ఉంది. తర్వాత వెల్డింగ్ గుళ్లు ఒక్కటి కూడా మిగలకుండా గీకి, కడిగి బిగించాలి. ఒక్క గుండు క్రౌన్, పినియన్ అనే పెద్ద గేర్ల మధ్యలో పడితే హౌసింగ్ మొత్తం పోతుంది.

ఇక కమాన్ కట్టలు. కట్టలో అన్నిటికన్నా కింద మందంగా ఉండే పట్టీ లోడు కోసం. ఖాళీ బండిలో అది ఉత్త బిగువు. దాన్ని తీసేస్తే తొట్టి ఎగరడం తగ్గుతుంది, టైరు నేలను వదలదు. ఇంకా తీయాలనిపిస్తుంది, ఆగండి. క్లచ్ వదలగానే హౌసింగ్ వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది, ఆ మెలిని ఆపేది కూడా ఈ పట్టీలే. పలచబడ్డ కట్ట పాములా వంకర్లు తిరిగి, మళ్లీ కొట్టుకుని, తోక దడదడ గెంతుతుంది. ఇంజన్ నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్ కొసల్లోని క్రాస్ జాయింట్లు విరిగేది అప్పుడే. కాబట్టి ఒక పట్టీ తీస్తే చాలు, దానికి తోడు హౌసింగ్ నుంచి చాసిస్‌కు ముందువైపు రెండు పక్కలా ట్రాక్షన్ బార్లు పెట్టించండి.

50 నుంచి 75 మిల్లీమీటర్లకు మించి దించొద్దు. హౌసింగ్‌కు, చాసిస్ మీది రబ్బరు స్టాపర్‌కు మధ్య కనీసం మూడు వేళ్ల సందు ఉండాలి. వెనక దించడానికి బ్లాకులు వాడొచ్చు, ముందు యాక్సిల్ కింద బ్లాకులు ఎప్పుడూ వద్దు. కట్టను హౌసింగ్‌కు పట్టి ఉంచే యూ బోల్టులను విప్పాక మళ్లీ వాడకండి, సాగి ఉంటాయి. కొత్తవి వేసి, మొదటి రోజు తిప్పాక మళ్లీ బిగించండి. బరువు తగ్గిన కట్టలకు పాత షాక్ అబ్జార్బర్లు సరిపోవు, నాలుగూ మార్చండి.

టైర్లు

మంచి టైర్లు ముందుకు, మామూలువి వెనక్కి. ముందు చక్రాలకు పట్టు ఉంటేనే తోకను ఏలగలం. వెనక అరిగినవి వేసినా పర్లేదు, కానీ పగుళ్లున్నవి, రీబటన్ చేసినవి వద్దు. గిర్రున తిరిగేటప్పుడు పై పొర పట్టీలా ఊడొచ్చి బ్రేకు పైపులను కొట్టేస్తుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. 6 ఏళ్లు దాటినవి వాడకండి. గాలి ముందు 35 పీఎస్‌ఐ, వెనక 40తో మొదలుపెట్టి, రెండేసి మారుస్తూ తేడా రాసుకోండి.

ఇప్పుడు ఇంజన్

మొదట చల్లదనం. మన దగ్గర మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే. పైగా మార్కెట్ బండ్ల రేడియేటర్‌లో ఇంకో సమస్య ఉంటుంది. నా బండిది విప్పి వెలుతురుకు ఎదురుగా పెడితే సగం సందుల్లోంచి వెలుతురే రాలేదు. పత్తి నూగు, మిర్చి పొడి, నూనె మరక కలిసి చాపలా అతుక్కున్నాయి. గట్టి నీళ్ల పంపుతో ముందు నుంచి కొడితే అది ఇంకా లోపలికి పోతుంది, రెక్కలు వంగుతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో సబ్బు నీళ్లు కొట్టండి. లోపలి గొట్టాలను రేడియేటర్ షాపులో శుభ్రం చేయించండి. కూలెంట్, నీళ్లు సగం సగం. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే వాల్వ్) తీసేస్తే చల్లగా ఉంటుందన్న మాట నమ్మకండి, పనిచేసేది కొత్తది వేయండి.

ఆయిల్ ప్రెషర్ గేజ్, టెంపరేచర్ గేజ్ డ్యాష్‌బోర్డు మీద కళ్లెదుట ఉండాలి. బండి చాలాసేపు ఒకే వైపు జారుతుంటే ఆయిల్ చాంబర్‌లో ఒక మూలకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది. లోపల అడ్డ రేకులు వెల్డ్ చేయిస్తే ఆయిల్ చోటు వదలదు.

ఆ తర్వాత ఊపిరి. కొత్త ఎయిర్ ఫిల్టర్, టర్బోకు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) చీలికలు లేని పైపులు, లీకు లేని క్లిప్పులు. టర్బో ఉండి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేని బండికి అది పెట్టించడం డబ్బుకు తగ్గ పని.

చివరగా డీజిల్. పాత పంపు బండ్లలో స్క్రూ తిప్పి డీజిల్ పెంచేస్తారు. గాలి పెరగకుండా డీజిల్ పెరిగితే వచ్చేది నల్ల పొగ, దాంతో పాటు సైలెన్సర్ మానిఫోల్డ్‌లో వేడి. టర్బోకు ముందు ఆ వేడి 700 డిగ్రీలు దాటి నిలబడితే పిస్టన్లు, టర్బో రెండూ పోతాయి. అక్కడొక టెంపరేచర్ మీటర్ పెట్టకుండా పంపును ముట్టుకోవద్దు. పంపు, నాజిళ్లను కాలిబ్రేషన్ షాపులో మిషన్ మీద పెట్టి సమంగా సెట్ చేయించడమే అసలు లాభం. నాలుగు సిలిండర్లూ సమానంగా కొడితే పాత బండి కూడా కొత్త గొంతు తెచ్చుకుంటుంది. ఫ్లైవీల్‌ను లేత్ మీద పలచన చేయించడం మాత్రం వద్దు. పోత ఇనుము వేగంగా తిరుగుతూ పగిలితే, ముక్కలు క్యాబిన్‌లోకే వస్తాయి.

నిజానికి వేగం ఎక్కడ పోతోందో గేర్ల లెక్కలో కనిపిస్తుంది. మీ బండి రెండో గేరు నిష్పత్తి 2.2, డిఫరెన్షియల్ 4.88, టైరు 215/75 ఆర్15 అనుకుందాం. ఆ టైరు ఒక చుట్టుకు సుమారు 2.21 మీటర్లు నడుస్తుంది. 3,500 ఆర్‌పీఎం దగ్గర చక్రం వేగం గంటకు 43 కిలోమీటర్లు. మూడో గేరు 1.4 అయితే 68. అంటే నేర్చుకునేటప్పుడు రెండో గేరు, కాస్త చెయ్యి తిరిగాక మూడో గేరు. మీ బండి అంకెలతో ఈ లెక్క కాగితం మీద వేసుకోండి. డీజిల్ ఇంజన్ పైకి ఎక్కువ తిరగదు కాబట్టి, ఏ మలుపుకు ఏ గేరో ఇంజన్ మార్చకముందే తెలిసిపోతుంది. ఇరవై హార్స్‌పవర్ పెంచడం కన్నా సరైన గేరులో ఉండటం ఎక్కువ పని చేస్తుంది.

మనిషిని కాపాడేవి

రోల్ కేజ్ (పల్టీ కొట్టినా క్యాబిన్ నలగకుండా కాపాడే ఉక్కు గొట్టాల పంజరం) లేకుండా ఈ బండిని జార్చకండి. పికప్ ఎత్తైన బండి, పక్కకు జారుతూ టైరు మొరంలో దిగబడితే తిరగబడుతుంది. నీళ్ల పైపులతో కట్టిన కేజ్ వెల్డ్ దగ్గరే చీలుతుంది. అంతర్జాతీయ రేసింగ్ నిబంధనల ప్రకారం ప్రధాన కమాను అతుకులేని ఉక్కు గొట్టంతో ఉండాలి, 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం, లేదా 50 వ్యాసం, 2 మందం. అది నిలబడే చోట క్యాబిన్ రేకుకు నేరుగా కాకుండా కనీసం 3 మిల్లీమీటర్ల ప్లేటు వేసి బిగించాలి. తల తగిలే చోటల్లా కేజ్‌కు గట్టి ఫోమ్ చుట్టండి. బకెట్ సీటు, నాలుగు పాయింట్ల కన్నా తక్కువ కాని బెల్టు, మంచి హెల్మెట్. సీటు ఫ్లోరు రేకుకు కాకుండా చాసిస్‌కు కలిసేలా బిగించాలి. రెండు కిలోల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూర్చుని చెయ్యి చాపితే అందాలి. బయటి నుంచి కూడా అందే బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఒకటి.

డీజిల్ బండికి ఇంకో ప్రమాదం ఉంది. టర్బో ఆయిల్ సీలు పోతే ఇంజన్ తన ఆయిల్‌నే పీల్చుకుని మండించుకుంటుంది. తాళం తీసినా ఆగదు, తెల్లటి పొగతో అరుస్తూ పైకి పైకి పోతుంది. ఒకసారి షెడ్డులో ఒక పాత పికప్ అలా ఎగబడితే చూశాను. అందరూ బయటికి ఉరికారు, ఒక్క కుర్రాడు మాత్రం గాలి పైపు ఊడబీకి, మూతికి చెక్క ముక్క అడ్డం పెట్టాడు. రెండు క్షణాల్లో చచ్చినట్టు ఆగిపోయింది. గాలి ఆగితేనే అది ఆగుతుంది. అరచెయ్యి పెట్టకండి, చర్మం లోపలికి లాగేస్తుంది. గాలి పైపు మూతికి సరిపోయే చెక్క పలక ఒకటి కోసి బండిలో పెట్టుకోండి, లేదా కేబుల్‌తో మూసే ఫ్లాపు వేయించండి. బండి కదులుతూ ఉంటే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదిలేసి ఇంజన్‌ను ఆపండి.

నేల, మొదటి రోజు

భూమి యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్న, గట్టి మొరం ఉన్న, చదునైన చోటు వెతకండి. మామునూరు ఎయిర్‌పోర్టు రన్‌వే లాంటివి అడగకండి, అది మన చోటు కాదు. వెళ్లిన రోజు మొదట నడవండి. మన చెలకల్లో పాత బావులు, పూడ్చని గుంతలు, కరెంటు స్తంభాల స్టే వైర్లు గడ్డిలో కనపడవు. ప్రతి దాని దగ్గరా ఎర్ర గుడ్డ కట్టి, దానికి ముప్పై అడుగుల ముందు హద్దు గీయండి. చూడటానికి వచ్చినవాళ్లు బండి తిరిగే వలయానికి బయట, ఒకే వైపు, ట్రాక్టర్ లాంటి అడ్డు వెనక నిలబడాలి. 108 వచ్చే దారికి అడ్డంగా ఏ బండీ పెట్టొద్దు. తొట్టిలో ఎవరూ ఎక్కకూడదు, ఎంత బతిమాలినా సరే.

ట్యాంకర్‌తో నేల తడపండి. తడి మొరం మీద 20, 25 కిలోమీటర్ల వేగంలోనే తోక జారుతుంది, టైర్లూ అరగవు, తప్పు జరిగినా తక్కువ వేగంలో జరుగుతుంది. మధ్యలో ఒక పెయింట్ డబ్బా పెట్టి, రెండో గేరులో దాని చుట్టూ తిరగండి. యాక్సిలరేటర్ కాస్త ఎక్కువ ఇవ్వగానే తోక బయటికి పోతుంది. స్టీరింగ్ అటు తిప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా వదలకుండా సగానికి తగ్గించండి. ఒక్కసారిగా వదిలితే బండి ఎదురు వైపుకు విసిరికొడుతుంది, కొత్తవాళ్లకు పల్టీలు పడేది అక్కడే. కళ్లు డబ్బా మీద కాకుండా, బండి వెళ్లాల్సిన చోట ఉండాలి. ఎడమకు పది చుట్లు నిలబెట్టగలిగాక కుడికి. రెండూ వచ్చాక రెండు డబ్బాలు పెట్టి ఎనిమిది అంకె వేయండి. దానికి వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

పావుగంటకోసారి బండి ఆపండి. నేను ప్రతి వీల్ నట్టు మీద నుంచి రిమ్ము మీదకు, యూ బోల్టు నట్ల మీదకు, స్టీరింగ్ బాక్సు బోల్టుల మీదకు తెల్ల పెయింట్‌తో ఒక్కో గీత గీసి ఉంచాను. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత విరిగి కనిపిస్తుంది. రౌండు అయ్యాక మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతలన్నీ చూస్తాను, తర్వాత అరచెయ్యి దగ్గర పెట్టి నాలుగు హబ్బుల వేడి పోల్చుకుంటాను. ఒకటి మిగతావాటి కన్నా ఎక్కువ కాలుతుంటే బేరింగో, బ్రేకు పట్టేయడమో. ఆ రోజుకు బండి అక్కడితో ఆపి, రికవరీ వ్యాన్‌కు ఫోన్ చేస్తాను.